ఏగి చెట్టు కింది పుట్ట

మా ఇంట్లో ఏళ్ల తరబడి ఒకే పోట్లాట నడిచింది. చెట్టు గొప్పదా, పుట్టగొడుగు గొప్పదా? చెట్టు బాపుది. పుట్టగొడుగు అమ్మది. నేను ఒక్కదాన్నే బిడ్డను కాబట్టి పంచాయితీకి నన్నే పిలిచేవాళ్లు. ఎటు చెప్పినా ఒకరికి కోపం. ఒకసారి విసుగొచ్చి "రెండూ నాకొద్దు, ఇంత పప్పు వెయ్యుండ్రి" అన్నాను. ఆ రోజు ఇద్దరూ ఒక్కటై నన్ను తిట్టారు.

ఇది ఎనభైల నాటి మాట. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో, అచ్చంపేట దాటాక నల్లమల గుట్టలు మొదలయ్యే చోట ఒక చిన్న ఊరు. బాపుకు గొర్ల మంద ఉండేది. గుట్ట కింద కొంచెం చెలక, వానకు పండే మెట్ట నేల, ఉండేది. చెలక గట్టు దాటితే జంగ్లాతోళ్ల, అంటే అటవీ శాఖ వాళ్ల, హద్దు రాయి. ఆ రాయికి కాస్త పైన, ఏటవాలులో, బాపు చెట్టు. బాపుది అని మేము అనుకోవడమే గానీ, హద్దు రాయి ప్రకారం అది సర్కారుది. ఆ మాట బాపు ముందర అంటే మాత్రం అయిపోయినట్టే. "సర్కారు ఒక్కనాడన్న వచ్చి దీని కింద కూసున్నదా?" అని లేచేవాడు.

అది ఏగి చెట్టు. పుస్తకాల్లో వేగిస అంటారని తర్వాత చదివాను. బాపు చిన్నతనంలో ఆ గుట్ట మీద ఏగి చెట్లు ఎటు చూసినా ఉండేవట. బండ్లకని, దర్వాజలకని, నాగళ్లకని ఊళ్లవాళ్లు కొన్ని కొట్టారు. లారీల వాళ్లు వచ్చి చాలా కొట్టారు. మిగిలినవాటికి చక్కెర బీమారి వచ్చిపడింది. చెట్లకు కాదు, మనుషులకు. ఏగి చెక్కను నీళ్లలో నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్లు తాగితే చక్కెర తగ్గుతుందని ఎవరో చెప్పారు. ఇక చూసుకోండి, పట్నం నుంచి కూడా మనుషులు వచ్చి బెరడు చెక్కుకుపోయేవాళ్లు. నడుము చుట్టూ బెరడు పోయిన చెట్టు నిలబడే ఎండిపోతుంది. నాకు బుద్ధి తెలిసేనాటికి మా వైపు గుట్ట మీద ముసలి ఏగి అదొక్కటే మిగిలింది.

బాపు దాన్ని కాపాడిన తీరు విచిత్రంగా ఉండేది. దాచేవాడు కాదు, అందరికీ చూపించేవాడు. చుట్టం వస్తే కాళ్లు కడుక్కోకముందే చెట్టు దగ్గరికి తోలుకుపోయేవాడు. బొటనవేలి గోటితో బెరడు మీద గీరితే ఎర్రటి పాలు నెత్తుటి బొట్టులా ఉబికేవి. "చూసినవా, మనిషికి కారినట్టే కారుతాంది, దీన్ని నరుకుడంటే మనిషిని నరుకుడే" అనేవాడు. ఆ ఎరుపు వేలితో తీసి నా నుదుటి మీద బొట్టు పెట్టేవాడు. అది ఎండితే నల్లబడి నాలుగు రోజులకు గానీ పోయేది కాదు, బళ్లో పిల్లలు నవ్వేవాళ్లు. బెరడు కోసం వచ్చినవాళ్లను కొట్టి తరిమేవాడు కాదు. గాలికి విరిగిన కొమ్మల చెక్కలు ముందే ఏరి పెట్టి ఉంచేవాడు, అవి ఇచ్చి, మజ్జిగ తాగించి, చెట్టు కథ చెప్పి పంపేవాడు. కథ వినలేక మళ్లీ రానివాళ్లు కూడా ఉంటారని నా అనుమానం.

"పదిమంది చూసిన చెట్టుకు పదిమంది కాపలా" అనేది బాపు లెక్క. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. మంచి మాట అయినా, చెడ్డ మాట అయినా కడుపులో ఉంచుకుంటే ఆయనకు అరిగేది కాదు.

అమ్మది పూర్తిగా వేరే దారి. ఆమె పుట్టిల్లు నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు. రాళ్ల నేల, అడవి లేదు, పుట్టగొడుగులు అంటే పెంట మీద లేచే కుక్కగొడుగులే ఆమెకు తెలుసు. పెళ్లయి వచ్చిన మొదటి వానకాలం మా అవ్వ, అంటే బాపు తల్లి, ఆమెను తెల్లారకముందే లేపి గుట్టకు తీసుకుపోయి ఒక పుట్ట చూపించింది. మా వైపు అది పద్ధతి. పుట్టగొడుగులు లేచే జాగా అత్త కోడలికి చెప్తుంది, ఆ కోడలు తన కోడలికి. మగవాళ్లకు చెప్పరు. ఆడబిడ్డలకు అసలే చెప్పరు. బిడ్డ పరాయింటికి పోయేది, జాగాను కూడా తీసుకుపోతుందని. అవ్వ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఆ జాగా ఇక అమ్మ ఒక్కదాని దగ్గరే ఉంది.

పెద్దపూసల కార్తెలో, అంటే నడి వానకాలం పుష్యమిలో, ఉరుములు ఉరిమి, వాన పడి, మర్నాడు ఉబ్బరంగా ఉంటే అమ్మ చెవులు నిక్కేవి. ఆ పొద్దున నేను లేచేసరికి ఆమె మంచం ఖాళీగా ఉండేది. బాపు వానల్లో గొర్ల కాళ్లు చెడతాయని మందను రాళ్ల గుట్టకు తోలుకుపోయేవాడు, అక్కడే గుడిసె వేసుకుని ఉండి, దినం తప్పి దినం అన్నానికి వచ్చేవాడు. కాబట్టి ఇంట్లో అడిగేవాళ్లు లేరు. కాసేపటికి అమ్మ మోదుగాకుల్లో మూట కట్టుకుని, కొంగు కప్పుకుని వచ్చేది. మూట విప్పితే తెల్లగా, బొడిపెలతో, పొడవాటి కాళ్లతో పుట్టగొడుగులు. కాళ్ల చివర ఎర్రమన్ను. వాటి వాసన ఇప్పుడు రాయమంటే రాయలేను, వాన పడిన చెలక వాసన కొంచెం, పచ్చి పాల వాసన కొంచెం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం వేసి వండితే, జొన్న రొట్టెలోకి ఇంకేం అక్కర్లేదు. మంద ఉన్న ఇల్లు, యాటకూరకు, అంటే మాంసానికి, లోటు లేదు. అయినా ఆ కూర ఉన్ననాడు బాపు గిన్నె తుడిచి తినేవాడు.

నేను ఒకసారి అమ్మ వెంట దొంగతనంగా పోయాను. చెలక గట్టు దాకా పోయానో లేదో, ఆమె ఒక బండ మీద కూర్చుండిపోయింది. వెనక్కి తిరగలేదు, నన్ను పిలవలేదు. ఊరికే కూర్చుని జడ విప్పుకుని మళ్లీ అల్లుకుంది. నేను పొద వెనక నిలబడి నిలబడి దోమలతో కుట్టించుకుని ఇంటికొచ్చాను. మధ్యాహ్నం కూర వడ్డిస్తూ "దోమలు బాగ కుట్టినయా బిడ్డా?" అని అడిగింది. ఒళ్లు మండిపోయింది నాకు. "కోడలు రాదు గద నీకు, కొడుకే లేడు. మరి ఎవలికి చెప్తవ్?" అని అరిచాను. అమ్మ నా రొట్టె మీద ఇంకో గరిటె కూర వేసింది.

ఇంతకీ పోట్లాట. బాపు అనేవాడు, "నా చెట్టు చూడు, తాత నాటి నుంచి ఉన్నది. నీ గొడుగు పొద్దుగూకే లోపల మురిగిపాయె. దానికేం గొప్పనే?" అమ్మ అనేది, "నీ చెట్టును వండుకొని తింటవా?" బాపు, "నీ గొడుగు కింద నిలబడితే వాన ఆగుతదా?" అమ్మ, "విత్తునం పెట్టి ఒక ఏగి మొక్క మొలిపియ్యి చూద్దాం." అక్కడ బాపు ఆగేవాడు. ఎన్నిసార్లు రెక్కల కాయలు ఏరుకొచ్చి పాతినా మొలకలు వచ్చేవి, గొర్రెలో మేకలో తినేసేవి. కానీ ఆయన ఓడిపోయే రకం కాదు. "నువ్వు మాత్రం విత్తునం పెట్టి గొడుగును మొలిపిస్తవా?" అనేవాడు. అదీ నిజమే. రెండింటినీ మనం చెయ్యలేము. ఉన్నదాన్ని ఉంచుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఇప్పుడు ఆలోచిస్తే చెట్టుకూ పుట్టగొడుగుకూ ఉన్న తేడా కన్నా, వాళ్లిద్దరికీ ఉన్న తేడానే నాకు ఎక్కువ కనిపిస్తుంది. పదిమంది చూస్తే బతుకుతుందని ఒకరు, పదిమంది చూస్తే పోతుందని ఒకరు. చెట్టుకు బాపు దారే సరైనది, పుట్టగొడుగుకు అమ్మ దారే సరైనది. ఆ రెండూ ఒకే చోట ఉన్నాయన్న సంగతి మాత్రం ఇద్దరిలో ఒక్కరికే తెలుసు.

ఒక ఏడు ఎండాకాలంలో దేవరకొండ వైపు మా చిన్నమ్మ పెళ్లి. అమ్మ ముందుగానే పోయింది. నాకు ఆటలమ్మ పోసి అప్పుడే తగ్గింది, ఎండలో బస్సు ప్రయాణం వద్దన్నారు. నేనూ బాపూ మిగిలాం. ఒక సాయంత్రం బాపు గుట్ట దిగి వచ్చి అన్నం ముందర కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"ఏమైంది బాపు?" అన్నాను.

"చెట్టుకు చెదలు పట్టినయి బిడ్డా. మొదట్ల నుంచి నా ఎత్తు దాక మన్ను ఎక్కింది."

ఆయన గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు. లారీలను చూశాడు, బెరడు వాళ్లను చూశాడు, వాళ్లతో మాట్లాడొచ్చు. చెదలతో ఏం మాట్లాడతాడు? మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పోయి చూపించాడు. నిజమే, మాను చుట్టూ ఎర్రమన్ను పూసినట్టు ఉంది. అరచేత్తో రాలిస్తే కింద తెల్లటి పురుగులు అటూ ఇటూ పరిగెత్తాయి. బాపు వాటి దారి పట్టుకుని వంగి వంగి పోయాడు. చెట్టు వెనక, ఏటవాలు కిందికి, పరికి పొదల నడుమ ఒక పుట్ట ఉంది. ముళ్లకు భయపడి గొర్లు కూడా అటు పోవు. "గిదీ వీటి కొంప" అన్నాడు.

అప్పటికి మా ఊళ్లోకి పత్తి వచ్చింది. పత్తితో పాటే పురుగుల మందూ వచ్చింది. ఇంట్లో నల్లులకూ అదే, తేళ్లకూ అదే, పిడుక్కూ బియ్యానికీ ఒకే మంత్రం. బాపు ఎవరి దగ్గరో సగం డబ్బా తెచ్చాడు. గడ్డపారతో పుట్ట నెత్తి మీద బొందలు పొడిచి, మందు నీళ్లలో కలిపి, బిందెతో పోశాడు. నన్ను గాలి వచ్చే వైపు నిలబెట్టాడు, ముక్కుకు తువ్వాల కట్టాడు. గొర్రెలను నాలుగు రోజులు అటు రానివ్వలేదు. మూడోనాడు చూస్తే మాను మీది మన్ను ఎండి పెచ్చులు ఊడిపోతోంది. లోపల పురుగు లేదు. బాపు మానును కౌగిలించుకుని, పిచ్చివాడిలా నవ్వి, నా నుదుటి మీద మళ్లీ ఆ ఎర్ర బొట్టు పెట్టాడు. నాకూ సంతోషమే అయింది. చెట్టు బతికింది కదా.

చెదలు పచ్చి చెట్టును తినవని, పైన ఎండిన బెరడును మాత్రమే గీక్కుని తింటాయని చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. బాపుకు ఆ మాట చెప్పలేదు.

అమ్మ వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చిన మనిషిని కుండలో నీళ్లు కూడా తాగనియ్యలేదు బాపు. "రావే, జర వచ్చి చూడు, పానం మీదికొచ్చింది, ఎట్ల కాపాడిన్నో చూడు" అంటూ గుట్టకు తోలుకుపోయాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని నడిచాను. చెట్టు చూపించాడు, మాను మీది మరకలు చూపించాడు. తర్వాత పొదలు కర్రతో పక్కకు నెట్టి, "గీ కొంపనే. గడ్డపారతోని పొడిచి, లోపల దాక మందు తాపిన. ఒక్క పురుగు మిగల్లే" అన్నాడు.

నా చెయ్యి అమ్మ చేతిలో ఉంది. ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. నొప్పి పుట్టి నేను తలెత్తి చూశాను. అమ్మ పుట్ట వైపే చూస్తోంది. దాని నెత్తి మీద బొందలు, పక్కలకు కారి ఎండిన తెల్లటి చారలు, ఇంకా పోని మందు వాసన.

"మాట్లాడవేందే?" అన్నాడు బాపు.

"మంచి పని చేసినవ్" అంది అమ్మ. "చెట్టు బతికింది."

బాపు మంద దగ్గరికి పోయాడు, ఈల వేసుకుంటూ. ఆయన గట్టు దిగేదాకా నిలబడి, అమ్మ అక్కడే రాళ్ల మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు భయమేసింది, ఎవరైనా పోయారేమో, పెళ్లిలో ఏదైనా జరిగిందేమో అనుకున్నాను.

"మన పుట్ట గిదే బిడ్డా" అంది చివరికి. "మా అత్త చూపిచ్చిన పుట్ట. గీ చెదలే వాటిని సాదేది. చెదలు పోతే గొడుగులు రావు."

జాగా నాకు అలా తెలిసింది. ఎన్నేళ్లు అడిగానో, ఎంత అలిగానో, ఆఖరుకు అలా దొరికింది. నాకు ముందు బాపు మీదనే కోపం వచ్చింది. "నేను పోయి చెప్త ఆయనకు" అని లేచాను. అమ్మ నా చెయ్యి గుంజి కూర్చోబెట్టింది.

"ఖబడ్దార్, చెప్పినవంటే నా మీద ఒట్టు. ఆయనకేం ఎరుక? నేను చెప్పకనే గద. తెలిస్తే ముద్ద మింగడు ఆయన. చెట్టు దిక్కు గూడ చూడడు ఇగ."

పాడు పద్ధతి. ఒక్కసారి, పడుకునే ముందు, ఇదిగో నీ చెట్టు వెనకే నా పుట్ట అని చెప్పి ఉంటే ఏమయ్యేది? కానీ అమ్మది అంత నిజాయితీ. అత్తకు ఇచ్చిన మాట. కట్టుకున్నవాడికి కూడా చెప్పొద్దంటే చెప్పొద్దనే.

ఆ ఏడు పెద్దపూసల కార్తెలో ఉరుములు బాగానే ఉరిమాయి. అమ్మ పొద్దున్నే పోయింది. ఒట్టి మోదుగాకులతో తిరిగి వచ్చింది. ఆకులు వాకిట్లో పడేసి పొయ్యి ముట్టించింది. వారం తర్వాత మళ్లీ పోయింది. బాపు అన్నానికి వచ్చి, "ఏందే, ఈసారి గొడుగులు పెట్టవా?" అన్నాడు. "ఉరుములు సక్కగ పడలే" అంది. తర్వాతి ఏడు ఉరుములకు కొదవ లేదు, కాబట్టి ఇంకో మాట చెప్పాల్సి వచ్చింది. "జాగా ఎవలో దొరకబట్టిండ్రు. నాకంటె ముందుగాల్నే పోయి కోస్తున్నరు."

అంతే, బాపుకు ఒక దొంగ దొరికాడు. ఆ దొంగను ఆయన ఏళ్ల తరబడి తిట్టాడు. వానకాలం వచ్చిందంటే చాలు, అన్నం ముందర కూర్చుని, "వాని చెయ్యిరగ, ఎవడో గాని మా అవ్వ జాగాను మింగిండు, వానికి కూడు పుట్టకుంట పోను" అని మొదలుపెట్టేవాడు. అమ్మకు గరిటె ఆగిపోయేది.

"తిట్టకు, ఊకో" అనేది. "పాపం, తెలువక చేసిండేమో."

"తెలువకుంట చేస్తడా? దొంగ లంగగాడు!"

"ఊకోమన్ననా లేదా? తినుకుంట ఒగల్ని తిట్టొద్దు. తిట్లు తగుల్తయి."

ఒక్కోసారి నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి ఆయన పళ్లెం లాగి ఉన్న నిజం కక్కెయ్యాలనిపించేది. నాకు కోపం ఎక్కువ, బాపు పోలిక. నేను నోరు తెరిచేలోపే అమ్మ కింద నుంచి నా తొడ మీద గిల్లేది. మరోవైపు చెట్టు కథ ఏటేటా పెరిగింది. చెదలు మొదట ఆయన ఎత్తు దాకా ఎక్కాయి, రెండేళ్లకు కొమ్మల దాకా పోయాయి. చుట్టాలకు, బెరడు వాళ్లకు, చివరికి జంగ్లాత్ గార్డుకు కూడా ఆ పుట్టను చూపించి, మందు ఎలా పోశాడో చేతులు తిప్పి చెప్పేవాడు. పక్కనే ఉంటే అమ్మ "అవ్, ఆయనే బతికిచ్చిండు" అనేది. ఆ మాటలో వెటకారం ఉందేమోనని నేను ఎన్నోసార్లు వెతికాను. లేదు.

చెట్టు పోతే మోడు మిగులుతుంది. దారిన పోయేవాడు చూసి, అయ్యో ఇక్కడ చెట్టుండె అంటాడు. పుట్టగొడుగు పోతే మోడు కూడా ఉండదు. ఏటా వెతుక్కుంటూ వచ్చే మనిషి ఒకరు ఉంటేనే, ఈసారి రాలేదని తెలుస్తుంది. మా గుట్ట మీద ఆ మనిషి అమ్మ. నేను పెద్దదాన్నై తొంభైల్లో పెళ్లి చేసుకుని చిట్యాలకు పోయేదాకా ఆమె ఒక్క ఏడు కూడా మానలేదు. ప్రతిసారీ ఖాళీ ఆకులే.

చిట్యాలలో మా ఆయనకు రోడ్డు మీద టైర్ల దుకాణం. రాత్రీ పగలూ లారీల మోత. వేవిళ్లు దాటాయి, ఏడో నెల వచ్చాక పుట్టింటికి తొలికాన్పుకు వచ్చాను. నేను వచ్చేసరికి పెద్దపూసల కార్తె. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, గట్టు ఎక్కలేదు. బాపు మందలో చాలా అమ్మేసి, కొన్ని గొర్రెలతో ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఆ సాయంత్రం గుట్టల మీద ఉరిమి, జోరుగా వాన పడింది. మర్నాడు పొద్దున్నే ఉబ్బరం. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. ముగ్గురం గడప దగ్గర కూర్చుని చాయ తాగుతున్నాం.

"ఏం తినబుద్ధయితాంది బిడ్డా?" అన్నాడు బాపు. "చెప్పు, యాట కొయ్యమంటవా?"

ఆ వాసనకు, ఆ ఉబ్బరానికి, నా నోట్లో నుంచి ఆలోచించకుండా వచ్చేసింది. "పుట్టగొడుగులు బాపు."

అమ్మ నా వైపు చూసింది. మాట వెనక్కి తీసుకుందామంటే అప్పటికే బాపు లేచి నిలబడ్డాడు.

"విన్నవానే? కడుపుతోని ఉన్న బిడ్డ అడిగింది పెట్టకపోతే పుట్టేటోనికి చెవుల చీము కారుతది. చెప్పు, జాగా యాడున్నది? నీకు కాళ్లు రావు. నేను పోతా. ఆ దొంగ ఉన్నడో సచ్చిండో, నేను చూసుకుంట."

"ఏం రావు అక్కడ" అంది అమ్మ.

"వస్తయో రావో నేను చూసొస్త. జాగా చెప్పు."

"వద్దు బాపు, ఊకనే అన్న నేను. యాట కొయ్యి" అన్నాను. ఆయన నా మాట వినలేదు. అప్పటిదాకా నవ్వుతూ అడుగుతున్నవాడి ముఖం మారింది.

"చెప్పవా? బిడ్డ కోసం గూడ చెప్పవా?"

అమ్మ గ్లాసు కింద పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"ముప్పై ఏండ్లాయె నిన్ను తెచ్చుకొని" అన్నాడు బాపు. "నా కడుపుల ఒక్క మాట దాచుకున్ననా నీ దగ్గర? నా చెట్టు నీకు చూపియ్యలేదా? నేను నీకు గింత పరాయోన్నయితినా? ఆ దొంగకు తెలిసిన జాగా నాకు తెలువొద్దా? వానికంటె కానోన్నయిపోతినా నేను?"

"దొంగ లేడు!" అంది అమ్మ. అరిచింది. మా అమ్మ అరవడం నేను వినడం అదే మొదటిసారి. "ఏ దొంగ లేడు. నువ్వు మందు పోసిన పుట్టనే అది."

ఆ మాట బయటికి వచ్చాక ఆమె అరచేత్తో నోరు మూసుకుంది. కానీ వచ్చేసింది. బాపు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. కాసేపు ఆయనకు అర్థం కానట్టే ఉంది. తర్వాత అర్థమైంది. ఆ ముఖం చూడలేక నేను కళ్లు దించుకున్నాను.

"చెట్టెనుక పుట్టనా?" అన్నాడు మెల్లగా.

అమ్మ తల ఊపింది. ఏడుస్తోంది. "నువ్వు తెలిసి చేసినవా? పోనియ్యి, లోపలికి రా, కూసో" అంటోంది.

ఆయన కూర్చోలేదు. దండెం మీది గొంగడి తీసుకున్నాడు, కట్టె తీసుకున్నాడు, వాకిలి దాటి పోయాడు. అమ్మ లేవబోయి, మోకాలు పట్టుకుని కూర్చుంది. "నోరు పడిపోను, నా నోరు పడిపోను" అని తలుపు చెక్కకు తల ఆనించింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. పొద్దెక్కింది, మళ్లీ ఒక జల్లు పడి వెలిసింది. అన్నం వండి మూత పెట్టాం, ఎవరం తినలేదు. నేను గుట్టకు పోయి చూసొస్తానంటే, ఆ పొట్టతో బురదలో వద్దని అమ్మ పోనివ్వలేదు.

మధ్యాహ్నం దాటి చాలాసేపయ్యాక బాపు వచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద, పిక్క మీద ముళ్లు గీరిన చారలు. గొంగడి ఒంటి మీద లేదు, మూటగా చేతిలో ఉంది. దాన్ని తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టాడు.

"లేచినయే" అన్నాడు. రొప్పుతున్నాడు. "గక్కడ్నే, మన పుట్ట మీద్నే. సచ్చిపోలే అవి. ఇన్నేండ్లు లోపల్నే ఉన్నయి."

అమ్మ మూట విప్పింది. తెల్లటి పుట్టగొడుగులు, కొన్ని విరిగి, కొన్ని గొడుగులు విచ్చుకుని. నేనూ వంగి చూశాను. వాటి కాళ్లకు నల్లమన్ను అంటుకుని ఉంది. ఏగి చెట్టు దగ్గర అంతా ఎర్రమన్నే. వాటి మధ్యలో ఒక సన్నటి వెదురాకు, తడిసి ఒక గొడుగుకు అతుక్కుని ఉంది. మా గుట్ట మీద వెదురు లేదు. వెదురు ఉండేది అటు రెండు గుట్టలు దిగాక వాగు లోయలో. వయసులో ఉన్నప్పుడే బాపు ఆ లోయలోకి మందను దింపేవాడు కాదు, దిగితే ఎక్కలేమని.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వెదురాకును గోటితో తీసి పిడికిట్లో ముడిచేసింది. ఒక పుట్టగొడుగు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గవే" అంది. "మా అత్త చూపిచ్చినయి గివే."

"గవే గద?" అన్నాడు బాపు. చిన్న పిల్లాడిలా అడిగాడు.

"గవే. వేరే వాటికి ఈ వాసన వస్తదా?"

బాపు గోడకు ఆనుకుని కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. అమ్మ కుంటుతూ లేచి, నల్లమన్ను తనే కడిగి, ఉల్లిగడ్డ తరిగి కూర వండింది. ముగ్గురం తిన్నాం. ఆ కూర వేరేగా ఉంది, కొంచెం చేదు తగిలింది. నేను రెండుసార్లు వేయించుకున్నాను.

"జాగా తెలిసింది గద నీకు" అంది అమ్మ, ఆయన పళ్లెంలో మిగిలినదంతా ఊడుస్తూ. "నాకు కాళ్లు రావు. ఇగ ఏటేట నువ్వే పోయి తే."

ఆయన తెచ్చాడు. కాళ్లు ఆడినన్నేళ్లు ప్రతి పెద్దపూసల కార్తెకూ పొద్దున్నే పోయేవాడు, మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు, ఏగి చెట్టు కింద లేచినయని చెప్పేవాడు. చెట్టు దగ్గరికి ఆ తర్వాత కూడా చుట్టాలను తోలుకుపోయేవాడు గానీ, మందు పోసిన కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు. గొంగడి మూటను మాత్రం అమ్మ తనే విప్పేది. నన్ను కూడా ముట్టనిచ్చేది కాదు.